విజయవాడలో వెబ్ డెవలప్‌మెంట్ బృందాన్ని పెంచుతున్నాం: పని తెలిసిన ప్రోగ్రామర్లను ఎలా వెతకాలి, ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న (విజయవాడ, చిన్న వెబ్ సంస్థ నిర్వాహకుడు)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక చిన్న వెబ్ డెవలప్‌మెంట్ సంస్థను నడుపుతున్నాను. ఆసుపత్రులకు అపాయింట్‌మెంట్ల వ్యవస్థ, గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు టిక్కీల (మిర్చి బస్తాల) నిల్వ లెక్కలు, రెండు స్థానిక వార్తాపత్రికలకు వెబ్‌సైట్లు మేము చేసే పనుల్లో ముఖ్యమైనవి. సర్వర్ వైపు లారవెల్, మైఎస్‌క్యూఎల్, తెర వైపు రియాక్ట్ వాడతాం. ఇప్పటికి ఏడుగురం ఉన్నాం. ఈ సంవత్సరం రెండు పెద్ద పనులు ఒప్పుకున్నందువల్ల వచ్చే ఏడాదికల్లా పద్నాలుగు మందిమి కావలసి ఉంది.

ముగ్గురు సీనియర్ డెవలపర్ల కోసం ఐదు నెలలుగా వెతుకుతున్నాం. జాబ్ పోర్టల్‌లో ప్రకటన ఇస్తే నాలుగు వందలకు పైగా రెజ్యూమేలు వచ్చాయి. అరవై మందితో ఫోనులో మాట్లాడాం, పదకొండు మందిని ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశాం, ఆరుగురికి ఆఫర్ లెటర్ ఇచ్చాం. చేరింది ఇద్దరే. మిగిలిన నలుగురూ నోటీస్ పీరియడ్ ముగిసే వారంలో వెనక్కి తగ్గారు. వారిలో ఒకరైతే చేరవలసిన రోజు ఉదయం నుంచి ఫోన్ ఆపివేశారు. ఆయన కోసం ఒక ఆసుపత్రి పనిని మూడు నెలలు వెనక్కి జరిపి, ఆ యాజమాన్యానికి నేను స్వయంగా వెళ్లి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

చేరిన ఇద్దరిలో ఒకరి సంగతి ఇంకా బాధ కలిగించింది. రెజ్యూమేలో నాలుగేళ్ల అనుభవం ఉంది, వీడియో ఇంటర్వ్యూలో సమాధానాలు చక్కగా వచ్చాయి. చేరిన మొదటి వారంలోనే ఆ అబ్బాయికి గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం) బ్రాంచి తీయడం కూడా తెలియదని అర్థమైంది. విడిగా కూర్చోబెట్టి అడిగితే, ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టి అనుభవ పత్రాలు తీసుకున్నానని, ఇంటర్వ్యూలో సమాధానాలు పక్క గదిలోంచి వేరొకరు అందించారని ఒప్పుకున్నాడు. ఇంటి మీద అప్పు చేసి ఆ డబ్బు కట్టారట. పంపించివేయక తప్పలేదు గానీ, ఆ రోజు నుంచి ఎవరి రెజ్యూమే చూసినా నాకు అనుమానమే కలుగుతోంది. అది మంచిది కాదని నాకు తెలుసు.

మీలో అనుభవం ఉన్నవారిని అడగదలచుకున్నది ఇది. హైదరాబాద్‌లో చిన్న ఆఫీసు తెరిస్తే మనుషులు దొరుకుతారా, లేక అక్కడి జీతాల పోటీలో మరింత నలిగిపోతామా? చేరేవారితో రెండేళ్ల బాండ్ రాయించుకోవడం సబబేనా? అన్నిటికన్నా ముఖ్యంగా, పని నిజంగా తెలిసినవారిని ఇంటర్వ్యూలో గుర్తించడం ఎలా? మా దగ్గర ప్రత్యేకంగా హెచ్‌ఆర్ విభాగం లేదు. నేనూ, మా టెక్నికల్ లీడూ కలిసే ఇదంతా చూసుకుంటున్నాం.

మొదటి సమాధానం (హైదరాబాద్, ఇంజనీరింగ్ మేనేజర్)

మీ ప్రశ్న చదువుతుంటే పదేళ్ల క్రితం నేను చేసిన పొరపాట్లన్నీ గుర్తుకొచ్చాయి. మీ చివరి ప్రశ్నకే ఎక్కువగా సమాధానం చెబుతాను, ఎందుకంటే మిగిలినవి దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ముందుగా, మీకు నిజంగా ముగ్గురు సీనియర్లు కావాలా అన్నది తేల్చుకోండి. గత ఆరు నెలల్లో మీ బృందం ఎక్కడెక్కడ ఆగిపోయిందో మీ లీడ్‌తో కూర్చుని కాగితం మీద రాయండి. డేటాబేస్ నిర్మాణం, చెల్లింపుల అనుసంధానం, సర్వర్ నిర్వహణ వంటి చోట్ల ఆగితే అనుభవజ్ఞులు అవసరం. ఫారాలు, నివేదికలు, తెరల దగ్గర ఆగితే ఏడాది, రెండేళ్లు శ్రద్ధగా పని చేసినవారు చాలు. నాకు తెలిసిన చాలా చిన్న సంస్థల్లో ఒక్క సీనియర్ దొరికితే తీరే ఇబ్బందికి ముగ్గురి కోసం ప్రకటన ఇచ్చి, ఆ ముగ్గురూ దొరక్క నెలలు పోగొట్టుకుంటారు.

రెండవది, సంవత్సరాల లెక్కను నమ్మడం తగ్గించుకోండి. ఉద్యోగుల ఎంపిక పద్ధతుల మీద 85 ఏళ్లుగా జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, అభ్యర్థికి ఎన్నేళ్ల అనుభవం ఉన్నదన్న దానికీ తర్వాత అతని పనితీరుకూ ఉన్న సహసంబంధం (ఏ పొంతనా లేకపోతే 0, పూర్తి పొంతన ఉంటే 1) 0.18 మాత్రమే, అదే ఉద్యోగంలో చేయవలసిన పనిలో ఒక ముక్కను ముందే చేయించి చూస్తే అది 0.54. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను సవరించి చాలావాటిని తగ్గించింది గానీ, అందరినీ అవే ప్రశ్నలు అడిగి అదే కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూను మొదటి స్థానంలో నిలబెట్టింది. రెజ్యూమేలో నాలుగేళ్లు అని ఉన్నంత మాత్రాన మీకు తెలిసిందేమీ లేదన్నమాట. అనుభవ పత్రాల మోసం మీ దగ్గర పని చేసిందంటే, మీరు ఆ నాలుగేళ్లకు అంత విలువ ఇచ్చారు కాబట్టే.

పని చేయించి చూడడానికి మీ చేతిలోనే మంచి ఉదాహరణలు ఉన్నాయి. మీరు వార్తాపత్రికల వెబ్‌సైట్లు చేస్తున్నారు కదా, అభ్యర్థికి ఒక తెలుగు వార్తా శీర్షిక ఇచ్చి, దాన్ని జాబితా పేజీలో నలభై అక్షరాలకు కుదించి చూపమనండి. వినడానికి ఇది చాలా చిన్న పని. లారవెల్‌కు ఆధారమైన పీహెచ్‌పీ భాషలో, పాఠ్యాన్ని కత్తిరించే మామూలు సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ వాడినవారికి బైట్ల మధ్యలో కోత పడి, శీర్షిక చివర ప్రశ్న గుర్తున్న నల్ల డబ్బా కనిపిస్తుంది, ఎందుకంటే అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. బహుళ బైట్ల ఫంక్షన్ తెలిసినవారు ఆ గండం దాటుతారు గానీ, మరో చోట చిక్కుకుంటారు. "స్త్రీ" అన్నది మనకు ఒకే అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. మధ్యలో కోస్తే "స్" అని పొల్లుతో వేలాడుతూ మిగులుతుంది. ఇక్కడి దాకా వచ్చి, తెర మీద తప్పు చూసి, కారణం వెతకడం మొదలుపెట్టిన మనిషిని జాగ్రత్తగా గమనించండి.

నా అనుభవంలో అందరికన్నా మంచి జవాబు ఒక యువతి ఇచ్చింది. పదం మధ్యలో అసలు కోయకుండా నలభై లోపు వచ్చే చివరి ఖాళీ దగ్గర ఆపివేద్దామని, ఇంకా మాట్లాడితే ఇది సర్వర్‌లో చేయవలసిన పనే కాదని, తెర వెడల్పును బట్టి, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌తో చుక్కలు పెట్టించవచ్చని చెప్పింది. కంప్యూటర్ సైన్స్ చదవని ఆ అమ్మాయి రెజ్యూమేలో మూడు చిన్న ప్రాజెక్టులు తప్ప మరేమీ లేవు. ఇప్పుడు మా బృందంలో చెల్లింపుల భాగమంతా ఆమే చూసుకుంటోంది.

సీనియర్ పోస్టుకు మీ ఆసుపత్రి వ్యవస్థలోంచే రెండో సమస్య తీసుకోండి. రోగి యూపీఐతో ఫీజు కట్టాడు, ఖాతాలో డబ్బు కోత పడింది, కానీ పేమెంట్ గేట్‌వే నుంచి సమాచారం ఆలస్యంగా వచ్చింది, తర్వాత అదే సమాచారం రెండుసార్లు వచ్చింది. ఈలోగా రోగి కంగారుపడి మళ్లీ నొక్కాడు. ఏం చేస్తారు? కోడ్ రాయించనక్కర లేదు, తెల్ల బోర్డు మీద గీసి చెప్పమనండి. లావాదేవీ సంఖ్య మీద యూనిక్ నిబంధన (ఒకే సంఖ్య రెండుసార్లు నమోదు కాకుండా ఆపేది) పెట్టాలన్న మాట, అపాయింట్‌మెంట్ స్లాట్‌ను కొంతసేపు పట్టి ఉంచాలన్న మాట, రాత్రి గేట్‌వే నివేదికతో లెక్క సరిచూడాలన్న మాట వాటంతట అవే వస్తాయా లేదా చూడండి. ఇలాంటి దెబ్బ ఒకసారి తిన్న మనిషి కథ చెబుతున్నట్టు చెబుతాడు. పుస్తకంలో చదివినవాడు పేర్లు చెప్పి ఆగిపోతాడు.

మూడవది, మీ పాత కోడ్‌లోంచి ఒక ఫైలు తీసుకుని, దానిలో లూప్ లోపల డేటాబేస్ ప్రశ్న, వెబ్‌సైట్ వాడేవారు ఇచ్చిన పాఠ్యాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్‌లో అతికించడం వంటి రెండు, మూడు లోపాలు ఉంచి, చదివి వ్యాఖ్యానించమనండి. ఉద్యోగంలో రాసేదానికన్నా చదివేదే ఎక్కువ. చాట్‌జీపీటీ వంటివి వాడుకోనివ్వండి, రేపు మీ ఆఫీసులోనూ వాడతారు, కానీ అది ఇచ్చిన జవాబులో ఒక వరుసను చూపించి, "ఇది తీసేస్తే ఏమవుతుంది?" అని అడగండి. ప్రాక్సీ (ఒకరి బదులు వేరొకరు సమాధానాలు అందించడం) బెడదకు కూడా ఇదే విరుగుడు. పక్క గదిలోంచి సిద్ధాంతాలు అందించగలరేమో గానీ, కోడ్‌ను అప్పటికప్పుడు మార్చుతూ వచ్చే ప్రశ్నలకు అందించలేరు. చివరి రౌండు మాత్రం తప్పకుండా ఎదురెదురుగా చేయండి, ప్రయాణ ఖర్చు మీరే ఇవ్వండి.

అంతా కలిపి తొంభై నిమిషాలు మించనివ్వకండి. మీరూ, మీ లీడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు రాసుకోండి. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు దానికే తల ఊపడం మన ఆఫీసుల్లో ఎక్కువ, దానివల్ల ఎంతోమంది మంచివాళ్లు చేజారిపోతారు.

రెండవ సమాధానం (హైదరాబాద్‌లో ఉద్యోగం, స్వస్థలం తెనాలి)

నమస్కారం అండి. నేను అభ్యర్థి వైపు నుంచి మాట్లాడతాను. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో రియాక్ట్, నోడ్ మీద పని చేస్తున్నాను. మీ ఆఫర్ తీసుకుని రాని ఆ నలుగురి స్థానంలో నేనూ ఒకసారి ఉన్నాను కాబట్టి, అప్పుడు ఏం జరిగిందో దాచకుండా చెబుతాను.

చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ తొంభై రోజులు. ఆఫర్ చేతికి వచ్చిన రోజు నుంచి చేరే రోజు వరకు మూడు నెలలు గడుస్తాయి. రాజీనామా పెట్టానని తెలియగానే రిక్రూటర్లు వెంటపడతారు, ఎందుకంటే లాస్ట్ వర్కింగ్ డే దగ్గరపడిన మనిషి వాళ్లకు వెంటనే దొరికే సరుకు. ఇప్పటి కంపెనీ కౌంటర్ ఆఫర్ ఇస్తుంది. నా విషయంలో, నాకు ఆఫర్ ఇచ్చిన సంస్థ నుంచి ఆ తొంభై రోజుల్లో ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఎనభయ్యో రోజున నాకు ఆ సంస్థ ఒక పీడీఎఫ్ కాగితంగా మాత్రమే గుర్తుంది. మరో చోటికి వెళ్లిపోయాను. చెప్పకుండా వెళ్లడం నా తప్పే, ఇప్పటికీ సిగ్గుపడతాను.

అందుచేత మొదటి పని, నోటీస్‌లో ఉన్నవారినీ, ముప్పై రోజుల్లో రాగలిగినవారినీ ముందు వెతకండి. మిగిలినవారికి నోటీస్ బై అవుట్ (నోటీస్ కాలం పూర్తి చేయకుండా రావడానికి పాత సంస్థకు కట్టే) సొమ్ములో కొంత మీరు భరిస్తామని ఆఫర్‌లోనే రాయండి. మీరు పనిని మూడు నెలలు వెనక్కి జరిపి నష్టపోయిన దానితో పోలిస్తే ఇది తక్కువే అవుతుంది. ఆ మధ్యకాలంలో మీ లీడ్ వారానికొకసారి ఫోన్ చేసి, చేరబోయే పని ఎక్కడ ఉందో పది నిమిషాలు చెప్పాలి. హెచ్‌ఆర్ చేసే కుశల ప్రశ్నలు పనికి రావు, చేయబోయే పని గురించి చేయబోయేవాళ్లతో మాట్లాడాలి.

హైదరాబాద్ ఆఫీసు గురించి అడిగారు. నా అభిప్రాయంలో వద్దు. మాదాపూర్, గచ్చిబౌలిలో మీరు ఒక చిన్న గది తీసుకుంటే, పక్క భవనాల్లోని బహుళజాతి సంస్థలతో జీతాల్లో నేరుగా పోటీకి దిగినట్టే. విజయవాడకు రావాలని మనసులో ఉన్నవారిని వెతకడం మీకు మేలు. అలాంటివాళ్లు మీరు అనుకునేదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. తల్లిదండ్రులు పెద్దవాళ్లైపోయినవారు, పిల్లల్ని అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెంచాలనుకునేవారు, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పొలం, ఇల్లు ఉండి అద్దె కొంపల్లో విసిగిపోయినవారు నా స్నేహితుల్లోనే ఏడెనిమిది మంది ఉంటారు. సంక్రాంతికి ముందు రెండు రోజులు పంతంగి టోల్ ప్లాజా దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద బారులు తీరే కార్లలో మీకు కావలసినవాళ్లు కూర్చుని ఉంటారు. కనుమ దాటిన మర్నాడు బెంజి సర్కిల్ దగ్గర ఏదో ఒక హోటల్లో ఒక సాయంత్రం సమావేశం పెట్టండి. ఉద్యోగ మేళాలా కాకుండా, మీరు చేసిన కోల్డ్ స్టోరేజీ వ్యవస్థ ఎలా పని చేస్తుందో మీ లీడ్ చూపించాలి. సెలవుల్లో ఇంట్లో ఉన్నవాళ్లు అమ్మానాన్నలతో మాట్లాడి నిర్ణయం తీసుకునే సమయం అదే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. "సొంతూరే కదా, ఖర్చులు తక్కువే కదా" అంటూ జీతం తగ్గించే ప్రయత్నం చేయకండి. ఆ మాట విన్న రోజే నేను ఒక ఇంటర్వ్యూ మధ్యలో లేచి వచ్చాను. మనిషి పనికి ఇచ్చే విలువ వేరు, అతని ఇంటి ఖర్చు వేరు. హైదరాబాద్ జీతం మొత్తం ఇవ్వలేకపోతే అది నేరుగా చెప్పండి, ప్రకటనలోనే ఎంత నుంచి ఎంత వరకో వేయండి. సీటీసీ (ఉద్యోగి మీద సంస్థకు అయ్యే మొత్తం ఖర్చు) అంకెలో వేరియబుల్ పే, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపి పెద్దగా చూపించే బదులు, నెలకు చేతికి ఎంత వస్తుందో రాయండి. అరవై మందితో ఫోనులో మాట్లాడే పని సగానికి తగ్గుతుంది.

పై సమాధానంలో తొంభై నిమిషాల పరిమితి పెట్టడం చాలా సంతోషం కలిగించింది. శని, ఆదివారాలు రెండూ తినేసే టేక్ హోమ్ ప్రాజెక్టులు ఇచ్చి, పంపించాక ఒక్క మాట కూడా తిరిగి చెప్పని సంస్థలు చాలా ఉన్నాయి. ఇంట్లో చంటిపిల్ల ఉన్న డెవలపర్ అలాంటివి చేయలేడు. చేయలేనంత మాత్రాన పని రానివాడు కాదు. ఎంపిక కాకపోయినా, ఎందుకు కాలేదో రెండు వాక్యాలు రాసి పంపండి. ఆ రెండు వాక్యాలు అందుకున్న మనిషి తన స్నేహితుడిని మీ దగ్గరకు పంపుతాడు.

మూడవ సమాధానం (కార్మిక చట్టాల సలహాదారు)

బాండ్ సంగతి మాత్రం చెబుతాను. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తి తన వృత్తిని చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. కనుక "మా దగ్గర మానేశాక రెండేళ్లు మరో వెబ్ సంస్థలో చేరకూడదు" అని రాయించుకుంటే ఆ కాగితానికి విలువ లేదు. ఉద్యోగంలో ఉండవలసిన కనీస కాలం గురించిన షరతు వేరు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు మూడేళ్ల కనీస సర్వీసు, మధ్యలో మానితే రెండు లక్షల రూపాయలు అన్న షరతు పెట్టగా, 2025 మే నెలలో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పింది. అయితే అక్కడ బహిరంగ నియామక ప్రక్రియకు అయ్యే ఖర్చును, సమయాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకుంది. మీరు శిక్షణకు ఏమీ ఖర్చు పెట్టకుండా అంకె వేస్తే, అదే చట్టంలోని 74వ సెక్షన్ కింద సహేతుకమైన పరిహారమే తప్ప రాసిన మొత్తమంతా రాదు. దాని కోసం కోర్టు చుట్టూ తిరగడం మీవంటి సంస్థకు గిట్టుబాటు కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోవడం అసలే చేయకండి. అది మనిషిని కట్టిపడేయడం కిందికి వస్తుంది.

అనుభవ పత్రాల విషయంలో ఒక సులువైన మార్గం ఉంది. అభ్యర్థి అంగీకారంతో, ఈపీఎఫ్‌ఓ (ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ) సభ్యుల పోర్టల్‌లో తన యూఏఎన్ (పీఎఫ్ ఖాతా గుర్తింపు) నంబరుతో లాగిన్ అయి సర్వీసు చరిత్రను మీ ఎదుటే తెరిచి చూపమనండి. ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అక్కడ ఉంటుంది. పాస్‌వర్డ్ మీరు అడగకూడదు. చిన్న సంస్థల్లోనూ, ఫ్రీలాన్స్‌గానూ పని చేసినవారికి పీఎఫ్ ఉండకపోవచ్చు. అది లేనంత మాత్రాన అబద్ధం చెబుతున్నారని అనుకోకండి, పాత లీడ్‌తో ఒకసారి మాట్లాడితే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న మా లీడ్‌తో కూర్చుని ఆరు నెలల ఆటంకాలు రాశాం. పదిహేడు తేలాయి. వాటిలో సీనియర్ లేక ఆగినవి నాలుగే, అవన్నీ చెల్లింపులకు, సర్వర్‌కు సంబంధించినవి. మిగిలిన పదమూడూ చేసేవాళ్లు చాలక ఆగినవి. కాబట్టి ముగ్గురి బదులు ఒక్క సీనియర్‌ను, అవసరమైతే వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని చేసేలా తీసుకుందామని నిశ్చయించాం. హైదరాబాద్ ఆఫీసు, బాండ్ ఆలోచనలు రెండూ మానుకున్నాం. తెలుగు శీర్షిక పరీక్షను ముందు మా బృందానికే ఇచ్చాను. ఏడుగురిలో ఇద్దరు పొల్లు దాకా వెళ్లారు, మా వెబ్‌సైట్‌లోనే ఆ తప్పు రెండేళ్లుగా ఉందని అప్పుడు బయటపడింది. సరిచేశాం.

ఇక మిగిలింది కొత్తవారి సంగతి. కానూరు, వడ్డేశ్వరం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల నుంచి ఒకేసారి ఐదారుగురు ఫ్రెషర్లను తీసుకుని శిక్షణ ఇద్దామా అని ఆలోచిస్తున్నాను. ఏడాది నేర్పాక హైదరాబాద్ వెళ్లిపోతారేమోనన్న భయం ఒకటి, వాళ్లకు నేర్పుతూ కూర్చుంటే ఉన్న పని ఏమవుతుందోనన్న భయం ఇంకొకటి.

నాలుగవ సమాధానం (విశాఖపట్నం, టెక్నికల్ లీడ్)

ఐదారుగురిని ఒకేసారి తీసుకోవద్దని చెప్పడానికే రాస్తున్నాను. మేము ఋషికొండలో ఎనిమిది మందిమి ఉన్నప్పుడు ఒకే నెలలో ఐదుగురు ఫ్రెషర్లను తీసుకున్నాం. మా ఇద్దరు సీనియర్ల ఉదయాలన్నీ వాళ్ల సందేహాలకే సరిపోయాయి, మధ్యాహ్నాలు వాళ్ల కోడ్ సరిచేయడానికి సరిపోయాయి, రాత్రుళ్లు సొంత పని చేసుకున్నారు. నాలుగో నెలలో ఆ సీనియర్లలో ఒకరు అలసిపోయి మానేశారు. మేము పోగొట్టుకున్నది ఫ్రెషర్లను కాదు, నేర్పేవారిని.

ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. అందులోని లెక్క చాలా సరళం. ఏడుగురు ఉన్నప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జంటలు 21. పద్నాలుగు మంది అయితే అవి 42 కావు, 91 అవుతాయి. అందుకే ఏడాదికి ఏడుగురిని చేర్చాలనుకుంటే, నాలుగు నెలలకు ఇద్దరు, ముగ్గురు చొప్పున తీసుకుంటూ, మధ్యలో బృందాన్ని రెండుగా విడదీయండి. ఆసుపత్రుల పని ఒక జట్టుది, మిర్చి నిల్వలూ, పత్రికలూ మరో జట్టువి. ఒక్కొక్క కొత్తవారికి ఒక్కరే జవాబుదారీ ఉండాలి, ఆ ఒక్కరి సొంత పనిని ఆ మూడు నెలలు తగ్గించాలి. మొదటి వారం ముగిసేలోపు కొత్తవారు రాసినది ఏదో ఒకటి, అది ఒక బటన్ మీద మాట మార్చడమే అయినా, నిజమైన వెబ్‌సైట్‌లోకి వెళ్లాలి. అలా వెళ్లిన రోజు ఆ పిల్లల ముఖాలు చూస్తే, శిక్షణ తరగతుల్లో నెల రోజులు కూర్చోబెట్టాలన్న ఆలోచన మీకే పోతుంది.

ఎక్కడ వెతకాలన్నది నాకు చాలా ఇష్టమైన విషయం. ఇంజనీరింగ్ కాలేజీల సీఎస్‌ఈ విభాగాల్లో మొదటి వరుసలోని వారిని పెద్ద సంస్థలు చివరి ఏడాది మొదలవకముందే తీసుకుపోతాయి. మీరు ఆ వరుసలో నిలబడనక్కర లేదు. డిగ్రీ కాలేజీల బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లనూ, పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లనూ చూడండి. వాళ్లతో తెలుగులో మాట్లాడండి. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రాడిని ఆంగ్లంలో "మీ గురించి చెప్పండి" అని అడిగితే బిగుసుకుపోతాడు. అదే సమస్యను తెలుగులో చెప్పి, తెలుగులో ఆలోచించనిస్తే లూప్ ఎక్కడ ఆగాలో, ఖాళీ జాబితా వస్తే ఏమవుతుందో గలగలా చెబుతాడు. మీకు కావలసిన ఆంగ్లం డాక్యుమెంటేషన్ చదవగలిగేంత. క్లయింట్లతో మాట్లాడే ఆంగ్లం ఏడాదిలో వస్తుంది, ఆలోచనా క్రమం అంత సులువుగా రాదు.

ఇంకొక చోటు కూడా ఉంది, ఎవరూ సరిగ్గా వెతకని చోటు. పెళ్లి తర్వాతో, బిడ్డ పుట్టిన తర్వాతో హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాలు వదిలి మన ఊళ్లకు వచ్చేసిన మహిళలు. ఐదారేళ్ల నిజమైన అనుభవం ఉంటుంది, మూడు నాలుగేళ్ల విరామం ఉంటుంది, ఆ విరామం చూసి రెజ్యూమేను పక్కన పెట్టేస్తారు. మా బృందంలో అలాంటివారు ఇద్దరున్నారు. ఒకరు పిల్లవాడి బడి వేళలకు తగ్గట్టు రోజుకు ఐదు గంటలు పని చేస్తారు, జీతం ఆ మేరకే. రియాక్ట్‌లో కోడ్ రాసే కొత్త పద్ధతి అయిన హుక్స్ వచ్చింది 2019లో; ఆమె ఉద్యోగం మానేసింది అంతకు ముందే. నెల రోజుల్లో నేర్చుకున్నారు. డేటాబేస్ లావాదేవీల గురించి ఆమెకున్న పట్టు మా అందరికన్నా ఎక్కువ. మీరు వెతుకుతున్న ఆ ఒక్క సీనియర్ మొగల్రాజపురంలోనో, పటమటలోనో ఇంట్లోనే ఉండవచ్చు.

శిక్షణ కాలానికి అప్రెంటిస్‌షిప్ పథకాన్ని కూడా ఒకసారి చూడండి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ముప్పై మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు అది తప్పనిసరి, నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్నవారికి ఐచ్ఛికం. డిగ్రీ, డిప్లొమా వారికి ఇచ్చే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. మీ సంఖ్యకు తగ్గట్టు కొద్దిమందికే వర్తిస్తుంది గానీ, మొదలుపెట్టడానికి చాలు.

వెళ్లిపోతారన్న భయం గురించి. కొందరు వెళ్తారు. చేరే రోజునే పన్నెండు నెలల తర్వాత జీతం ఎంతవుతుందో, దానికి ఏమేం చేయగలగాలో కాగితం మీద రాసి ఇవ్వండి, ఆ మాట తప్పకండి. మా దగ్గర ఫ్రెషర్లుగా చేరి, రెండేళ్లు నిండాక కూడా ఉన్నవారు సగానికి పైనే. వెళ్లినవారిలో ఒకబ్బాయి మూడేళ్ల తర్వాత తన చెల్లెలిని మా దగ్గరకు పంపాడు. ఆ అమ్మాయి వచ్చే సోమవారం చేరుతోంది.

చివరగా ఒక లెక్క మరిచిపోకండి. కొత్తవారి కోడ్ చూసి సరిదిద్దే గంటలను ప్రాజెక్టు అంచనాలో ముందే కలపండి. మేము మొదటి ఏడాది ఆ గంటలను ఎక్కడా వేయలేదు, అందుకే ఆ భారమంతా సీనియర్ల రాత్రుళ్ల మీద పడింది. ఇప్పుడు ఒక్కొక్క కొత్త వ్యక్తికి మొదటి మూడు నెలలూ వారానికి ఎనిమిది గంటలు చొప్పున వేసి, ఆ తర్వాతే క్లయింటుకు తేదీ చెబుతున్నాం.